మెకానిక్ దగ్గర ఆగని కారు

కొన్నాళ్లుగా టైలరమ్మ చెవులు ఇంజిన్ మీదే ఉంటున్నాయి. తండ్రి నాటి పాత కారు నడిరోడ్డు మీద ఉన్నట్టుండి ఊపిరి ఆగినట్టు ఆగిపోతోంది. డయాలసిస్‌కి తీసుకెళ్తున్న తల్లి వెనక సీట్లో బిక్కచచ్చిపోతోంది. మెకానిక్ నడిపితే మాత్రం అదే కారు వాన వెలిసిన కాలువలా సాఫీగా సాగుతుంది.

"నా దగ్గర బుద్ధిగానే ఉంటుందమ్మా. అలకంతా నీ మీదే!" అని నవ్వాడతను.

"నవ్వకండి బాబాయ్. రేపు ఆగితే అమ్మనెలా తీసుకెళ్లను? నేనే నడుపుతా, పక్కన కూర్చుని చూడండి."

గతుకు రాగానే ఇంజిన్ చప్పుడు ఆరిపోయింది. మెకానిక్ స్టీరింగ్ కిందికి వంగి చూశాడు. కారు తాళం చెవికి పిడికెడు గుత్తి వేలాడుతోంది: ఇంటివి, కొట్టువి, బీరువావి.

"ఇదెప్పుడూ నాకు కనపడలేదే?"

"ఇంటి తాళాలు షెడ్డులో ఎవరిస్తారు? కారుది ఒక్కటే విడదీసి ఇచ్చేదాన్ని."

"రోగాన్ని ఇంట్లో దాచి మనిషిని ఆస్పత్రికి పంపావు తల్లీ! తాళం తిప్పే స్విచ్ లోపల అరిగిపోయింది. గతుకులో ఈ బరువు లాగితే కరెంటు తెగుతోంది."

గుత్తి విప్పి ఆమె ఒళ్లో పడేశాడు. అదే గతుకు మీద మళ్లీ మళ్లీ తిప్పినా కారు ఆగలేదు. సాయంత్రానికి కొత్త స్విచ్ వేశాడు.

మర్నాడు దారిలో తల్లి అడిగింది. "బాగైపోయిందన్నావుగా, మరెందుకే అలా బిగుసుకుపోయావు?"

"ఏం లేదమ్మా" అందే గానీ, ఇంజిన్ ఆగకపోయినా ప్రతి గతుకుకీ ఆమె గుండె ఆగుతోంది. ఆస్పత్రి గేటు దాటాక గానీ స్టీరింగ్ మీద ఆమె వేళ్లు వదులు కాలేదు.