నేను వద్దన్న టెస్ట్

ఆరేళ్లుగా ఒక మాట గొంతుకు అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మా ఆయనకు కూడా చెప్పలేదు. ముఖం తెలియని మీకు చెబుతున్నాను.

కెనడాలోని ఎడ్మంటన్‌లో ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రామర్‌ని. ఆయిల్ పైపుల అతుకులను శబ్ద తరంగాలతో పరీక్షించే యంత్రాలకు సాఫ్ట్‌వేర్ రాస్తాం. పగులున్న చోట ప్రతిధ్వని పెద్దగా వస్తుంది, తెరమీద ఎర్రగా కనబడుతుంది. ప్రాసెసర్ చేత ఒకేసారి పదహారు అంకెలను కూడించడానికి, మేం రాసింది యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌లోనే కొన్ని ఫంక్షన్లు ఉండేవి. కొత్త వెర్షన్‌లో వాటిని తీసేశారు. బదులు వేరేవి రాసే పని నాకిచ్చారు.

పాత ఫంక్షన్‌లో కూడిక, యంత్రం పట్టగల గరిష్ఠం దగ్గర ఆగిపోయేది. నేను రాసింది మామూలు కూడిక. గరిష్ఠం దాటితే అంకె మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అంటే, అన్నిటికన్నా పెద్ద పగుళ్లే తెరమీద మంచి పైపులా కనబడతాయి.

అప్పుడు నాకది తెలియదా? తెలియదని ఎన్నిసార్లు చెప్పుకున్నానో. నిజానికి అనుమానం వచ్చింది. చూడాలనిపించలేదు, అంతే.

అనుమానం శ్రావణికీ వచ్చింది. నిజామాబాద్ పిల్ల. టీమ్‌లో చేరి ఎనిమిది నెలలు. మా కోడ్ సరిగా నడుస్తుందో లేదో చూసే టెస్టులు రాయడం ఆమె పని.

"అక్కా, లెక్క మ్యాక్స్ దాటితే ఏమైతది? దానికి ఒక టెస్ట్ రాయనా?"

"అంత దూరం రాదులే శ్రావణీ. శుక్రవారం రిలీజ్. మామూలు కేసులు రాసెయ్, చాలు."

"సరే అక్కా."

మూడు వారాలకు, తెరను నమ్మని ఒక వెల్డర్ అదే అతుకును పాత యంత్రంతో మళ్లీ చూశాడు. వేలెడు పొడవు పగులు. పైపులోకి ఇంకా ఆయిల్ వదల్లేదు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. మీటింగ్‌లో మేనేజర్, ఈ కేసుకు టెస్ట్ ఎందుకు లేదని అడిగాడు. శ్రావణి నావైపు చూసింది. నేను చెబుతానని ఎదురుచూసింది. నేను చెప్పాను: "టెస్టులు శ్రావణివి."

అబద్ధం కాదు. అదే నా తెలివి.

ఆమె చివరిదాకా నా పేరెత్తలేదు. ఎందుకని? అక్కా అని పిలిచినందుకా? ఎవరూ నమ్మరనా? వారంలో ఉద్యోగం తీసేశారు. పీఆర్‌కి, అంటే అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి, అప్లై చెయ్యడానికి ఇంకా మూడు నెలల అనుభవం కావాలి. మళ్లీ పని దొరికేలోగా వర్క్ పర్మిట్ గడువు అయిపోయింది, ఇండియాకు వెళ్లిపోయింది. నేను మాత్రం అరగంటలో ఒక్క లైను మార్చి తప్పు సరిచేశాను. వెంటనే పరిష్కరించినందుకు అందరికీ మెయిల్ పెట్టి మెచ్చుకున్నారు. మరుసటి ఏడు టీమ్ లీడ్‌ని చేశారు. ఇప్పుడు కొత్తవాళ్లకు టెస్టులు ఎలా రాయాలో నేనే నేర్పుతాను. వాళ్లు బుద్ధిగా తలూపుతారు.

ఈ ఉదయం మేనేజర్‌కు ఇదంతా రాసి పంపాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. శ్రావణి పోగొట్టుకున్నదేదీ దానితో తిరిగి రాదు. ఆమెకు కూడా జరిగింది రాస్తాను, క్షమించమని మాత్రం అడగను. అడిగితే ఆ భారం కూడా ఆమె నెత్తినే పెట్టినట్టవుతుంది.

తప్పు నాది. రాసేశాను. ఊపిరి ఆడుతోంది.