రెండో ఉప్పునీటి స్తంభం

దయ్యాల కథలు వింటే నాకు భయం వేయదు, ఒళ్లు మండుతుంది. కొలవకుండా మాట్లాడేవాళ్లను చూస్తే వచ్చే మంటే అది. ఏడో తరగతితో బడి మానేసినా, రేడియోలు విప్పుతూ విప్పుతూ మైక్రోవేవ్ సర్క్యూట్ల దాకా నాకు నేనే నేర్చుకున్నాను. కంప్యూటర్లో మోడల్ గీయడం, బోర్డు తయారుచేసి ఎనలైజర్‌తో కొలవడం, మోడల్ గీతా, కొలిచిన గీతా ఒకదానిమీద ఒకటి కూర్చునేదాకా వదలకపోవడం. నా పని ఇంతే.

బయటి సిగ్నళ్లు చొరబడితే కొలత చెడిపోతుంది. అందుకని సారపాక దాటాక అడవి అంచున ఉన్న మా స్థలంలో పాత లారీ కంటైనర్ వేయించాను. వెల్డర్ యాకూబ్ సందులన్నీ రాగిరేకుతో మూశాడు.

"లోపట గూడ గడియ పెడతా పెద్దాయనా. లేకుంటే ఎలుకల బోనైతది," అన్నాడు.

"దానికి బెజ్జం కొట్టాలె. బెజ్జముంటే సిగ్నల్ కారుతది. వద్దు."

"అయితే ఎలుకవు నువ్వే!"

మొన్న ఎండాకాలం ఒక మధ్యాహ్నం లోపలికి వెళ్లి తలుపు లాక్కున్నాను. బయటి గడియ దానంతటదే పడిన చప్పుడైంది. తోశాను, కదల్లేదు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. రానివ్వకుండా చేసింది నేనే కదా! గొంతు పోయేలా అరిచాను. యాకూబ్ అశ్వారావుపేట వెళ్లాడు, సాయంత్రానికి గాని రాడు. ఇనుము పెనంలా కాలుతోంది. అప్పటిదాకా బతికుంటానన్న నమ్మకం లేదు.

ఊరికే కూర్చోలేక పని మొదలుపెట్టాను. ముందు కంటైనర్ పెట్టెనే కొలవడం నా అలవాటు. మూసిన ఇనప పెట్టెలో తరంగాలు, కొట్టిన గంగాళంలా మోగుతాయి. లోపల మనిషి ఉంటే, గంగాళం మీద చెయ్యి వేసినట్టు మోత తగ్గుతుంది. మనిషి ఒళ్లు చాలావరకు ఉప్పునీరే, అందుకే మోడల్లో నన్ను కూడా ఒక ఉప్పునీటి స్తంభంగా పెడతాను. ఎప్పుడూ గీతలు కలిసేవి.

ఆరోజు కలవలేదు. మోత మరీ తగ్గింది. కేబుళ్లు బిగించి, ఎనలైజర్ కొలత సరిచూసే కాలిబ్రేషన్ మళ్లీ చేశాను. అదే గీత. విసుగొచ్చి మోడల్లో ఇంకో స్తంభం పెట్టి అటూ ఇటూ జరిపాను. సరిగ్గా నా వెనక మూలకు రాగానే రెండు గీతలూ అతుక్కుపోయాయి.

తిరిగి చూశాను. రాగిరేకు, చీకటి. అంతే.

మళ్లీ స్క్రీన్ చూసేసరికి గీత కదులుతోంది. నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను, కదిలింది నేను కాదు. దానికి సరిపడేలా రెండో స్తంభాన్ని జరుపుతూ పోయాను. అది నా పక్కనుంచి తలుపు దగ్గరకు వచ్చింది.

గడియ లేచింది. తలుపు తెరుచుకుంది. బయట ఎవరూ లేరు.

సాయంత్రం యాకూబ్ ఆ గడియ లేపి చూశాడు. "రెండు చేతులేస్తే గాని లేవది. ఎవలు తీసిండ్రు?"

"నువ్వే జల్దిగ వచ్చినవనుకున్న."

"నేనిప్పుడే గదా బస్సు దిగిన!"

ఖమ్మంలో ఒక ఇంజనీరు ఆ గీత చూసి, కాలిబ్రేషన్ తప్పని తేల్చేశాడు. సరే, తప్పే అనుకుందాం. మరి తలుపు తీసిందెవరయ్యా? అని అడిగితే, గీత ఉన్న కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు.

ఇప్పుడు తలుపును తాడుతో వెనక్కి కట్టేసి పనిచేస్తున్నాను. సిగ్నళ్లన్నీ లోపలికొచ్చి గీత గజిబిజిగా ఉంటుంది. లోపల ఎంతమందిమి ఉన్నామో ఇక కొలవలేను.