అన్నయ్య వద్దన్న నేల

పశ్చిమాన మనవాళ్ళు గెలిచిన భూమిని తిరిగి ఇచ్చేస్తున్నారని రేడియోలో వార్తలు చెప్పిన రోజు మా నాన్న పొలానికి వెళ్ళలేదు. నాట్లకు కాలవ నీళ్ళు వదిలిన రోజులవి. ఒక పూట ఏమరితే పై రైతు నీళ్ళు తన చేలోకి తిప్పేసుకుంటాడు. అయినా సరే, అరుగు మీద కూర్చుని సిమ్లాలో సంతకాలు పెట్టినవాళ్ళందరినీ దుమ్మెత్తిపోశాడు.

“నా కొడుకు కాలుంది అక్కడ. ఎవడబ్బ సొమ్మని ఇచ్చేశారు?”

అన్నయ్య కాలు నిజంగానే అక్కడుంది. డెబ్బయ్యొకటి డిసెంబరు యుద్ధంలో సరిహద్దు దాటి ఒక ఊరు పట్టుకున్న మర్నాడు, గోధుమ చేలో మందుపాతర మీద అడుగు వేశాడు. మోకాలి కింద నుంచి తీసేశారు. నెలల తరబడి ఆసుపత్రుల్లో ఉండి, కట్టెకాలుతో ఇల్లు చేరాడు.

మాది ఉయ్యూరు పక్క పల్లె. నాన్న బతుకంతా ఎవరిదో ఒకరి పొలం కౌలుకు చేసినవాడే. చెరకు పండించేది ఆయన, ఫ్యాక్టరీలో పేరు ఆసామిది. అలాంటి మనిషికి, చేతికొచ్చిన నేలని ఎవరైనా వెనక్కి ఇస్తారన్న సంగతి బుర్రకెక్కలేదు.

నేనప్పుడు బెజవాడలో బీయే చదువుతున్నాను. దేశాలు తమ భూభాగాన్ని పెంచుకుంటే కలిగే లాభనష్టాలని పాలిటిక్సులో ఒక పాఠం ఉండేది. లెక్చరర్ గారు ఒక పక్క పంట భూములు, గనులు, రేవులు, పరువు అని రాయించారు. రెండో పక్క సైన్యం ఖర్చు, లొంగని జనం, పొరుగుతో తీరని పగ. పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. లాభాలే ఎక్కువని రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. నష్టాల్లో మా అన్నయ్య కాలు అని రాస్తే ఎవరిస్తారు మార్కులు?

అన్నయ్య ప్రాణంతో తిరిగొచ్చినందుకు ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టారు. మా క్రైస్తవుల ఇళ్ళల్లో ఇది మామూలే. పాటలూ ప్రార్థనా అయ్యాక, మేలు పొందినవాడు లేచి దేవుడు తనకేం చేశాడో నలుగురికీ సాక్ష్యం చెప్పాలి. పేటంతా వచ్చింది. శత్రువుని ఎలా తరిమారో వినాలని కుర్రాళ్ళు ముందు చాప మీద చేరారు. అన్నయ్య గోడ పట్టుకుని లేచాడు.

“మేం వెళ్ళేసరికి ఊళ్ళో ఎవరూ లేరండీ. ఒకింట్లో పళ్ళెంలో రొట్టెపిండి కలిపింది కలిపినట్టే ఉంది, ఎండి నెర్రెలిచ్చింది. దొడ్లో గేదె కట్టేసుంది. పాలు పిండే దిక్కులేక పొదుగు రాయిలాగా అయిపోయి ఒకటే అరుపు. నేనే కూర్చుని పిండాను. తాగబుద్ధి కాలేదు, నేలమీద పారబోశాను. ఇప్పుడా ఊరు ఇచ్చేశారంట. ఆ గేదెవాళ్ళు తిరిగొస్తారు. అందుకు దేవుడికి స్తోత్రం.”

ఆమేన్ అనవలసిన చోట ఒక్కరూ అనలేదు. పాస్టరు గారు గబగబా పాట ఎత్తుకున్నారు. నాన్న లేచి, కూడిక కోసం చేయించిన బూందీ కూడా ముట్టకుండా చెరకు తోటలోకి వెళ్ళిపోయాడు.

మరుసటి ఏడాది, కాలు పోయిన సైనికుడని ప్రభుత్వం అన్నయ్యకు కృష్ణ నడుమ లంకలో రెండెకరాలు ఇస్తామంది. నాన్న కోపమంతా ఆ ఒక్క కబురుతో దిగిపోయింది. కరణం గారి వెంట ఆయనా, అన్నయ్యా, నేనూ పడవెక్కి చూడబోయాం. వరద వేసిన ఒండ్రు నేల. నాన్న వంగి గుప్పెడు మట్టి తీసుకుని, “దీనికి ఎరువు కూడా అక్కర్లేదమ్మాయ్” అన్నాడు. ఆయన అంత నోరారా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

కానీ ఆ నేలమీద అప్పటికే రెండు పాకలున్నాయి. దోసపాదులు పూతమీదున్నాయి. మిరప మొక్కలు జానెడెత్తు లేచాయి.

కరణం గారు నాన్నతో, “వీళ్ళకి పట్టా గిట్టా ఏం లేవు. పొమ్మంటే పాక పీక్కుని పోతారు. నువ్వేం మొహమాటపడకు” అన్నారు.

పాకలోంచి ఒక ముసలామె వచ్చి అన్నయ్యకు ముక్కాలిపీట వేసింది. “కాలికేమైంది నాయనా?” అని అడిగింది. యుద్ధంలో పోయిందని చెప్పాడు. ఆవిడ ఆ కట్టెకాలు వంక చూసి, “ఈ కాపు అయ్యేదాకా ఉండనిస్తావా బాబూ? తర్వాత ఎటన్నా పోతాం” అంది. అన్నయ్య పీట మీంచి లేచి పడవ వైపు నడిచాడు.

తిరుగు పడవలో ఆ నేల తనకు వద్దన్నాడు.

“నువ్వేమన్నా దొంగిలించావంట్రా? నీ కాలికి దేశం ఇచ్చింది” అన్నాడు నాన్న.

“ఖాళీ అయిన ఊళ్ళోకి ఒకసారి అడుగుపెట్టాను నాన్నా. రెండోసారి నావల్ల కాదు.”

నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ ఎండలో కలుపు కూలికి పోతుంటే ఈయనగారికి లోకమంతటి మీదా జాలి. “ఆ గేదె మీదున్న జాలి అమ్మ మీద లేదా అన్నయ్యా? నువ్వు కాదంటే ఇంకోడొస్తాడు. వాడికి నీ అంత మెత్తని మనసుంటుందా?” అన్నాను.

“వాడి పాపం వాడిది” అన్నాడు. వారం తిరక్కుండా, అక్కర్లేదని కాగితం రాసిచ్చి వచ్చాడు. నాన్న అతనితో మాటలు మానేశాడు.

కొన్ని వారాల తర్వాత బెజవాడలో కాలవ గట్టున పోతుంటే ఎవరో నన్ను పిలిచారు. ఆ ముసలామె. గట్టు మీద గోనెపట్టాలతో గుడిసె వేసుకుని ఉంది. లంక నేల ఇంకెవరికో ఇచ్చారట. “కాపు కొయ్యనియ్యలేదమ్మా. పాదుల మీద నాగళ్ళు తోలారు” అంది.

శనివారం ఇంటికెళ్ళి, అన్నాలు తింటున్నప్పుడు ఆ మాట అన్నయ్యకు వినపడేలా చెప్పాను. కావాలనే చెప్పాను.

“నేను తీసుకునుంటే కాపు కొయ్యనిచ్చేవాణ్ణి” అన్నాడు అన్నయ్య.

అన్నాళ్ళూ అతనితో పలకని నాన్న అప్పుడు తలెత్తాడు. “ఒక్క కాపేంట్రా? వాళ్ళని అక్కడే ఉంచి, పంటలో సగానికి పాలికిచ్చేవాణ్ణి. పుట్టి బుద్ధెరిగిన కాణ్ణించి ఒకడి చేలో చేసినోణ్ణి, నాకు తెలీదా? వాళ్ళని పొమ్మంటానని నేనన్నానా? నన్నడిగావా?”

అన్నయ్య అడగలేదు. నేనూ అడగలేదు. నేల కావాలన్నవాడు మనుషుల్ని తరుముతాడనే మేమిద్దరం అనుకున్నాం. తీరా పట్టా చేతికొచ్చాక నాన్న ఆ మాట మీద నిలబడేవాడా అంటే, చెప్పలేను. కానీ పడవలో ఉన్నంతసేపట్లో మాలో ఒక్కరమైనా ఆయన్ని అడగాల్సింది.