బతికున్న మనిషికి కీ.శే.

జమ్మలమడుగులో టైర్ల షాపు మీది గదిలో మా వంశావళి సంఘం మొదలైనప్పుడు, వచ్చినవాళ్లందరికీ ఒకటే కోరిక. తమ మూలపురుషుడు గండికోటలో ఏదో ఒక పదవిలో ఉండి తీరాలి. కోటలో గుర్రాలకు గడ్డి వేసినవాళ్ల వారసులు ఒక్కరూ మా మెట్లెక్కలేదు. లోపల నవ్వుకునేవాణ్ని. ఆడపిల్లల పేర్లు అడిగితే మాత్రం "వాళ్లెందుకు సారూ?" అనేవాళ్లు. అప్పుడు ఒళ్లు మండేది. కూతుళ్ల పేర్లు లేని వంశవృక్షం మా సంఘం వేయదని పట్టుబట్టి నియమం పెట్టించింది నేనే.

ఆ నియమం ప్రొద్దుటూరు సభలో మా మెడకు చుట్టుకుంది. హాలు ఇప్పించింది పులివెందుల వైపు ఒక పెద్ద రైతు కుటుంబం. వేదిక మీద వాళ్ల వంశవృక్షమే ఫ్లెక్సీగా కట్టాం. అందులో ఆ ఇంటి పెద్దకూతురి పేరూ ఉంది. ఆమె ప్రొద్దుటూరులో ఒక ముస్లిం టైలర్ని పెళ్లి చేసుకుంటే, ఇంట్లోవాళ్లు బతికుండగానే దినం చేసేసి, చచ్చిపోయిందని చెప్పుకున్నారు. ఆమెను సభకు పిలిచిందీ నేనే. వచ్చి చివరి వరుసలో కూర్చుంది.

ఆమె తమ్ముడు ఫ్లెక్సీ చూసి వేదికెక్కి నేరుగా నా మీదికొచ్చాడు. వెనక అతని మనుషులు లేచి నిలబడ్డారు.

"ఏంది సారూ ఇది? సచ్చిపోయినోళ్లందరికీ కీ.శే. పెట్టినారు. మా అక్కకు ఎందుకు పెట్టల్యా?"

"ఆయమ్మ ఆడ కూర్చోనుండాది కదప్పా," అన్నాను.

"మాకు అక్క లేదు. కీ.శే. పెట్టల్ల. లేదంటే ఫ్లెక్సీ చింపుతా."

ఫ్లెక్సీలో తప్పులు దిద్దడానికి నా చేతిలో ఉంచుకున్న మార్కర్ లాక్కున్నాడు. మా కార్యదర్శి నా చొక్కా పట్టి లాగి, "రాసుకోనీ సారూ, రెండక్షరాలే కదా," అని గొణిగాడు. అప్పుడే నాకు నిజంగా భయమేసింది. అతను రాసేస్తాడు, మేం చూస్తూ ఊరుకుంటాం. ఇక మా సంఘానికి చరిత్ర అంటే అదే.

ఆమె లేచి వచ్చి తమ్ముడి పక్కన నిలబడింది.

"రాయప్పా. పోయినోళ్లందరికీ తేదీ గూడా వేసినారు, నాకూ వెయ్యి. ఎప్పుడు సచ్చినానో నీకే కదా తెలుసు."

పంతం కొద్దీ అతను ముందు తేదీయే రాశాడు. రోజు, నెల, సంవత్సరం. ఎక్కడా తడుముకోలేదు.

ఆమె దగ్గరికి జరిగి చదివింది.

"నా పెండ్లి రోజు," అంది. "ఇన్నేండ్లయినా మర్చిపోల్యా నువ్వు."

అతని చెయ్యి ఫ్లెక్సీ మీదే ఆగిపోయింది. వెనక నుంచి ఎవరో "రాయి, రాయి" అని కేకేశారు. అతను అక్క వైపు చూడలేదు. కీ.శే. రాయలేదు. మార్కర్ ఆమె చేతిలో పెట్టి వేదిక దిగి వెళ్లిపోయాడు.