ముంగటి సగం

బిక్షపతికి మంగళవార్త జపం సగమే వచ్చు. అదీ వెనుక సగం.

కతోలిక ఇళ్లలో జపమాల చెప్పేటప్పుడు ఒకరు ముందు చెబుతారు, మిగతావాళ్లు అందుకుంటారు. హుజూరాబాద్ దగ్గరి పల్లెలో, మాదిగవాడలో, రాత్రి బువ్వకు ముందు నాయనమ్మ ఎల్లవ్వ గోడకు ఆనుకుని కూర్చునేది. ముందు సగం ఆమెదే. ఆ హక్కు ఎవరికీ ఇచ్చేది కాదు. పళ్లు లేని నోటితో ఆమె ఏం చెప్పేదో మరియమ్మకే తెలియాలి. చివర వచ్చే 'యేసు' అన్న మాట ఒక్కటే పిల్లలకు స్పష్టంగా వినబడేది. అది వినబడగానే బిక్షపతీ, చెల్లె వినోదా గొంతెత్తి అందుకునేవాళ్లు. 'పరిశుద్ధ మరియమ్మా' నుంచి 'మా మరణ సమయమందును ప్రార్థించండి' దాకా ఒక్క గుక్కలో. బిక్షపతి కళ్లు పొయ్యి మీది కుండ మీద ఉండేవి. జపం ఎంత తొందరగా అయితే బువ్వ అంత తొందరగా వచ్చేది.

అతని జ్ఞానస్నానం పేరు జోజప్ప. బడిలో పేరు బిక్షపతి. ఒక మనిషికి రెండు పేర్లెందుకో ఎల్లవ్వ చెప్పలేకపోయేది గానీ ఈ దేశపు చట్టం చెప్పగలదు. మాదిగవాడు యేసును నమ్ముతున్నాడని కాగితం మీద పడిందంటే ఎస్సీ కాకుండా పోతాడు. ఊళ్లోవాళ్ల కళ్లకు మాత్రం మాదిగవాడిగానే మిగులుతాడు. అందుకే జోజప్ప గుడి లోపలే ఉండిపోయాడు, బిక్షపతి సూరత్ రైలెక్కాడు.

అప్పటికి వాడికి పదిహేనేళ్లు. సూరత్‌లోని అమ్రోలిలో మరమగ్గాల కార్ఖానా. అక్కడ దాన్ని ఖాతా అంటారు, మన తెలంగాణవాళ్లు మగ్గాలను సాంచెలంటారు. వందల సాంచెలు ఒకేసారి కొట్టుకుంటుంటే పక్క మనిషి పెదవులు చూసి మాట అర్థం చేసుకోవాలి. ఎవరేం గొణుక్కున్నా ఎదుటివాడికే కాదు, తన చెవులకే వినబడదు. పాడుకునేవాడు పాడుకుంటాడు. సేఠ్‌ను తిట్టుకునేవాడు సేఠ్ ఎదుటే తిట్టుకుంటాడు. ఏళ్ల తరబడి అట్లా బతికినవాడికి తన నోరు ఏం చేస్తోందో తనకు తెలియకుండా పోతుంది.

గుజరాత్‌లో మందు లేదని చట్టం అంటుంది. బస్తీలో పాల ప్యాకెట్ కంటే ముందు సారా పొట్లం దొరుకుతుంది. మూతి మీద మీసం రాకముందే బిక్షపతి దానికి అలవాటు పడ్డాడు. మీటరుకు కూలి పెంచమని మనుషులు సాంచెలు బంద్ పెట్టిన ఏడు, సేఠ్ కూలివాళ్లను కొట్టడానికి కూలివాడినే వెతికాడు. బిక్షపతి దొరికాడు. సిరిసిల్ల నుంచి వచ్చిన రఘుపతి అనే పద్మశాలి అందరికంటే ముందు నిలబడితే, బిక్షపతి పిడికిలికి అతని ముందు పళ్లు రెండు రాలి గేటు దగ్గర పడ్డాయి. తర్వాత ఇంకెక్కడో కత్తిపోట్ల గొడవ, జైలు. లోపల ఉండగానే ఎల్లవ్వ పోయింది. ఆమె ఏడాది పూజకు బయటికొచ్చి ఊరికి వెళ్లాడు. తప్పతాగి వెళ్లాడు. నాకెందుకు కబురు చెయ్యలేదని ఫాదర్ అంగీ పట్టుకున్నాడు, కొవ్వొత్తుల బల్లను తన్నాడు. వినోద అందరి ముందూ ఒకే మాట అంది.

"మల్ల నాకు ఫోన్ చెయ్యకు."

చెయ్యలేదు. గుడి మెట్లూ ఎక్కలేదు.

మొదటి లాక్‌డౌన్‌లో సూరత్ ఖాతాలు మూతపడి కూలీలు నడిచి వెళ్లిపోతుంటే బిక్షపతికి వెళ్లడానికి ఇల్లు లేదు. రఘుపతికి ఇల్లుంది గానీ దారిఖర్చు లేదు. ఇద్దరూ టచ్ ఫోన్లు అమ్ముకుని తిన్నారు, చేతిలో పాత మీటల ఫోన్లు మిగిలాయి. సారాకు పైసలు లేక బిక్షపతి తాగుడు దానంతట అదే ఆగిపోయింది. అందులో వాడి గొప్పేమీ లేదు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో జనం పిట్టల్లా రాలుతుంటే, ఒక ఆసుపత్రిలో శవాలను ప్లాస్టిక్‌లో చుట్టి కట్టే పనికి కాంట్రాక్టరు మనుషుల కోసం తిరిగాడు. వెళ్లినవాళ్లలో వీళ్లిద్దరూ ఒక జోడీగా పడ్డారు. కాంట్రాక్టరు ఇచ్చిన పీపీఈ కిట్లు వానకోటు కంటే పలుచన. సర్కారు దగ్గర అతను వసూలు చేసింది మాత్రం అసలు కిట్ల ధరే. తలవైపు రఘుపతి, కాళ్లవైపు బిక్షపతి. పనికి తప్ప మాటల్లేవు.

ఒక మధ్యాహ్నం వరండాలో వేసిన మంచం మీది ముసలాయనను కట్టి లేస్తుంటే, పక్క మంచం మీది ముసలమ్మ బిక్షపతి కిట్ అంచు పట్టుకుంది. మూతికి ఆక్సిజన్ మాస్కు. దాన్ని జరిపి తెలుగులో అంది.

"కొడుకా, ముంగటిది ఎవలంటరు?"

ఆ వరండాలో తెలుగు వినబడడం ఒక వింత. ఆ మాటకు అర్థం తెలియకపోవడం ఇంకో వింత.

"ఏం ముంగటిది అవ్వా?"

"మంగళవార్త జపం. నువ్వు ఎనుకటి సగమే అంటున్నవ్. గీయనకు అన్నవ్. పొద్దుగాల గా పిలగానికన్నవ్. ముంగటి సగం లేకుంట అదేం జపం?"

"నేనేం అనలే."

"నాకు ఊపిరాడుత లేదు గని చెవులాడుతున్నయ్. మా నాయన గుళ్లె జపాలు నేర్పిన ఉపదేశి. జపం నాకు తెల్వదా?"

బిక్షపతి రఘుపతి వైపు తిరిగాడు.

"నేను కట్టేటప్పుడు ఏమన్న అంటానా?"

"అంటవ్."

"ఎవలకు?"

"అందరికీ. వచ్చిన దినం కెళ్లి అంటున్నవ్. పరిశుద్ధ మరియమ్మా అని మొదలువెడ్తవ్, ప్రార్థించండి అని ముడేస్తవ్."

"మరెందుకు చెప్పలే?"

"చెప్తె కొడ్తవేమోనని." మాస్కు వెనుక రఘుపతి నవ్వాడో లేదో తెలియలేదు. "ఉన్న పండ్లన్న మిగలనియ్యి."

బిక్షపతి ఇప్పుడే కట్టిన మూట వైపు చూశాడు. హిందువులకూ, ముస్లింలకూ, పేరైనా తెలియనివాళ్లకూ, ఇన్ని రోజులుగా తన నోరు మరియమ్మను పిలుస్తోంది. తను వదిలేశాననుకున్నది తనను వదల్లేదు. తర్వాత గుడి తలుపులు తెరిచాక పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి మోకరించినప్పుడు కూడా, తాగుడూ కత్తీ జైలూ కంటే ముందు అతను అడిగింది దీని గురించే. "నాకు తెల్వకుండ నా నోరు జపం చేసింది ఫాదర్. అది లెక్కకొస్తదా?"

ముసలమ్మ పేరు కనకవ్వ. జమ్మికుంట ఆమెది. కొడుకు సూరత్ పక్కనే కడోదరాలో రంగుల మిల్లులో పని చేస్తాడు. తల్లిని గేటు దాకా తెచ్చాడు, లోపలికి రానివ్వలేదు.

"నాది అయిపోయింది బిడ్డా. నాకు మొత్తం చెప్పు. సగం చెప్పి పంపకు."

"మట్టిల వెట్టుమని చెప్పాల్నా అవ్వా ఎవలకన్న?"

"మట్టో మంటో నీ చేతుల లేదు. జపం నీ నోట్లె ఉన్నది."

"నాకు ముంగటిది రాదవ్వా. మా నాయనమ్మ అనేది. నేను జవాబిచ్చెటోన్ని."

"నేర్పిత్త, అను. దేవ వర..." అంతే. మాటకు దమ్ము చాల్లేదు. గొంతులో గురగుర. మంచం పక్కన మిషన్ కూత పెట్టింది. నర్సు పరుగున వచ్చి మాస్కు బిగించి, మాట్లాడిస్తే చంపేసినట్టే అని హిందీలో బిక్షపతిని కసిరింది.

ఒక్కో మాటకు ఆ ముసలమ్మ ఒక్కో ఊపిరి ఖర్చు పెట్టాలి. ఉన్నవే కొన్ని. బిక్షపతి ఆమె చెయ్యి దుప్పటి కింద పెట్టాడు.

"నువ్వు మాట్లాడకు. నేనే నేర్చుకొని వస్త. గప్పటిదాంక ఆగు."

ఆమె కళ్లతో సరేనంది.

కిట్ విప్పి బయటికొచ్చి, నలుగురిని అడిగి గుడి నంబరు సంపాదించాడు. ఎత్తింది గుజరాతీ ఫాదర్. విషయం విని, పాపం, వెంటనే హిందీలో 'ప్రణామ్ మరియా' అని మొదలుపెట్టాడు. ఇది కాదు తెలుగుది కావాలంటే, దేవుడికి అన్ని భాషలూ తెలుసు బేటా అన్నాడు.

"దేవునికి తెలుస్తది ఫాదర్. ముసల్దానికి తెల్వదు గద," అని వచ్చిన హిందీలో చెప్పాడు బిక్షపతి.

తెలుగులో చెప్పడానికి మీ ఇంట్లో ఎవరూ లేరా అని ఫాదర్ అడిగాడు.

చెల్లె నంబరు ఫోన్లో లేదు. వేళ్లకు గుర్తుంది. నొక్కాడు.

"ఎవలు?"

"నేను."

అవతల కోడి అరుపు. ఎవరో బిందె దించిన చప్పుడు.

"తాగినవా?"

"లేదు. కరోనా దవాఖాన్ల పని జేస్తున్న. వినోదా, మంగళవార్త జపం ముంగటి సగం చెప్పు."

"ఏంది?"

"ముంగటి సగం. నాయనమ్మది."

"ఇన్నేండ్లకు ఫోన్ జేసి గిదా అడిగేది? బతికున్నవో సచ్చినవో మాకెర్కలేదు, నీకేమో జపం గావాలె."

"ఒకామె పానం పోతున్నది. ఆమెకు సగమే వస్తున్నది నాతోని."

వినోద నెమ్మదిగా, బడిలో పిల్లలకు చెప్పినట్టు మొదలుపెట్టింది. 'దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము. ఏలినవారు మీతో ఉన్నారు...' చిన్నప్పుడు ఎల్లవ్వ నోట్లో గాలిగా వినబడినవన్నీ ఇప్పుడు మాటలయ్యాయి. చివర 'యేసు' దగ్గరికి రాగానే బిక్షపతి నోరు ఆగలేదు, అందుకుంది. ఆసుపత్రి గేటు దగ్గర అంబులెన్సుల మధ్య నిలబడి గొంతెత్తి జవాబు చెప్పాడు.

"ఇప్పుడు నువ్వు ముంగట చెప్పు, నేను అందుకుంట," అంది వినోద.

తడబడ్డాడు. దిద్దింది. మళ్లీ చెప్పాడు. మూడోసారికి తప్పు లేకుండా వచ్చింది.

"బువ్వ తిన్నవా?"

"తినలే."

"తిను," అని పెట్టేసింది.

బిక్షపతి కిట్ తొడుక్కుని, మాటలు జారిపోకుండా పెదవుల మీదే ఉంచుకుని మెట్లెక్కాడు. వరండాలో ఆ మంచం మీద ఎవరో నడివయసు మనిషి ఉన్నాడు. మాస్కు అదే. దుప్పటి కూడా అదే, మార్చలేదు.

రఘుపతి కింద, శవాల బండి వచ్చే చోట కూర్చుని ఉన్నాడు. బిక్షపతిని చూసి లేచాడు.

"నువ్వు పోయిన జరసేపటికే. ఒక్కన్నే కట్టిన."

వినడం కోసం ఆగమని బిక్షపతే చెప్పాడు. ఆమె ఆగలేకపోయింది.

"దర్వాజ దిక్కే జూసింది," అన్నాడు రఘుపతి. "నువ్వు రాకపోతివి. నీ సగం నేనే అన్న. తప్పో ఒప్పో నాకెర్కలేదు. దినాం విన్నది గద, నోటికచ్చింది. ఎనుకటిదే అన్న. ముంగటిది నాకు రాదు."

వరసగా మూటలు. అన్నీ ఒకటే తెలుపు. అన్నీ వీళ్లిద్దరి చేతులు వేసిన ముడులే, సాంచె మీద తెగిన దారాన్ని కలిపే ముడి. పేర్లు రాసి అంటించిన చీటీలు శానిటైజర్ కొట్టగా కొట్టగా తడిసి, సిరా పాకి నీలపు మరకలయ్యాయి. మనిషి బతికినంతకాలం ఏ కాగితంలో ఏ పేరుండాలో అంత పట్టుబట్టిన రాజ్యానికి, చచ్చాక ఒక చీటీ మీద పేరు నిలబెట్టడం చాతకాలేదు.

"కనకవ్వ ఏది?"

రఘుపతి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు.

"గీ వరసలనే వెట్టిన. ఆమె ఎనుక ఇంక నలుగురొచ్చిండ్రు, జరిపిండ్రు. నాకూ తెలుస్త లేదు."

బండి డ్రైవరు కిటికీలోంచి తల పెట్టి, జల్దీ కరో భాయ్, శ్మశానం దగ్గర లైనుంది అన్నాడు.

బిక్షపతి మొదటి మూట దగ్గర నిలబడ్డాడు. చిన్నప్పటి నుంచీ ఎవరో ఒకరు మొదలుపెడితే తప్ప అతని నోరు తెరుచుకోలేదు. మొదలుపెట్టాడు.

"దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము..."

డ్రైవరు హారన్ మీద పెట్టిన చెయ్యి తీసేశాడు. బిక్షపతి ఒక్కో మాటనూ బరువు దించినట్టు దించుతూ 'యేసు' దాకా వచ్చి ఆగాడు. ఆగడం అలవాటు లేని చోట ఆగాడు. ఇక్కడి నుంచి అందుకునేవాళ్లు కావాలి. తన నోరే అందుకోబోయింది.

అంతలో తలవైపు నుంచి రఘుపతి అందుకున్నాడు. "పరిశుద్ధ మరియమ్మా..." సిరిసిల్ల యాసలో, ఎక్కడా తడుముకోకుండా. 'సర్వేశ్వరుని' అన్నప్పుడు, 'సమయమందును' అన్నప్పుడు, లేని పళ్ల సందులోంచి గాలి ఈలలా వచ్చింది. ఆ ఈల ఎవరి పిడికిలిదో ఇద్దరికీ తెలుసు. బిక్షపతి తల ఎత్తలేకపోయాడు. చివర 'ఆమెన్' అనాలన్న సంగతి రఘుపతికి తెలియదు. బిక్షపతి ఎప్పుడూ దాన్ని ముడి వేస్తూ మింగేసేవాడు. అందుకని అది బిక్షపతే అన్నాడు.

"అయిందా?" అన్నాడు డ్రైవరు.

"ఎక్కడయింది," అన్నాడు రఘుపతి, రెండో మూట దగ్గరికి జరుగుతూ. "ఆమె మూట ఏదో తెల్వనే తెల్వది. ఊఁ, ముంగటిది అను."