గిటార్‌కు కూడా అప్‌డేట్

ఆ రోజుల్లో పురానాపూల్ దగ్గర మా గల్లీలో అప్‌డేట్ అనే మాటకున్న గౌరవం చర్చిలో ఆమెన్‌కు కూడా ఉండేది కాదు. దానికి కారకుడు పక్కింట్లో కంప్యూటర్ షాపు నడిపే ఆయన. అసలు పేరు అందరం మరిచిపోయి అప్‌డేట్ అన్న అనేవాళ్లం. ఏదైనా సవ్యంగా నడుస్తుంటే ఆయనకు చేతులు దురద పెట్టేవి. నేనేమో గిటార్ నేర్చుకుంటున్నానని చెప్పుకు తిరిగేవాణ్ణి (నేర్చుకున్నది పట్టుకోవడం వరకే). నాకు స్వరాలు చెవికెక్కవు. అందుకే పాటను స్వరాలకు బదులు ట్యాబ్‌గా, అంటే అంకెల్లో రాసే సాఫ్ట్‌వేర్ మహా నచ్చింది. ఆరు తీగలకు ఆరు గీతలు, ఏ గీత మీద ఏ అంకె ఉంటే ఆ తీగ మీద ఆ మెట్టు నొక్కడమే. బుర్రకు పని లేదు.

ఇంతలో అక్క పెళ్లి కుదిరింది. "నేను చర్చిలకు నడుచుకుంట వస్తుంటే నువ్వే వాయించాల్రా తమ్మీ" అంది. పాటంతా కంప్యూటర్‌లో ఎక్కించుకున్నాను. సరిగ్గా అప్పుడే అప్‌డేట్ అన్న సీడీతో వచ్చి, అడక్కుండానే కొత్త వర్షన్ వేసిపోయాడు. ఆనాటి నుంచి ఆ పాట కంప్యూటర్ వాయిస్తే తేనె, తెర మీది అంకెలు చూసి నేను వాయిస్తే రేకుల మీద పిల్లుల కొట్లాట.

"ఏందన్నా గిట్లయింది?" అని మొత్తుకున్నాను.

"అరె భాయ్, కంప్యూటర్ కరెక్టే వాయిస్తుంది కదా? అంటే సాఫ్ట్‌వేర్ సాఫ్. నీ గిటారే పాత వర్షన్."

అయినా నా పోరు పడలేక పనిలోకి దిగాడు. రీస్టార్ట్ చేశాం, తీసేసి మళ్లీ వేశాం, ఆఖరికి ఫార్మాట్ కూడా చేశాం (అక్క పెళ్లి కార్డు డిజైన్ కాస్తా పోయింది, పాట మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది). చివరికి కొత్త వర్షన్ గీతల్ని తలకిందులుగా చూపిస్తోందని, పైన ఉండాల్సిన సన్న తీగ గీత అడుక్కి పోయిందని ఆయనే కనిపెట్టాడు. సెట్టింగుల్లో ఒక్క టిక్కు తీస్తే పోయేది. కానీ అప్‌డేట్‌ను తప్పుపట్టడం ఆయన మతంలో లేదు. మేధావులిద్దరం కూర్చుని గిటార్ తీగలన్నీ విప్పి, తిరగేసి బిగించాం! పాట వచ్చేసింది.

"చూసినవా, గిటార్ గూడ అప్‌డేట్ అయింది. ఇంక ఫికర్ చెయ్యకు" అని భుజం తట్టాడు.

పెళ్లినాడు అక్క చర్చి గుమ్మంలో అడుగుపెట్టింది. నేను తీగ మీటాను. సన్న తీగ కోసం చేసిన గాడిలో ఇరికించిన లావు తీగ టప్పున బయటికి దూకింది. పాస్టరుగారు దయతలచి చర్చి గిటార్ అందించారు. అది పాపం అప్‌డేట్ కానిది, నా వేళ్లేమో అయినవి. ఆపే ధైర్యం లేక చివరిదాకా వాయించాను. బంధువులంతా తలలు దించుకున్నారు. ముసుగు కింద అక్క భుజాలు వణకడం చూసి, ఏడిపించానే అని నా ప్రాణం ఉసూరుమంది. వెనక వరుసలోంచి అప్‌డేట్ అన్న మాత్రం మస్తుందని చెయ్యి ఊపాడు.

మొన్న ఆ సాఫ్ట్‌వేర్ మళ్లీ వేసుకుని, ఆ టిక్కు వెతికి తీసేసి, పాట శ్రద్ధగా సాధన చేసి అక్కకు ఫోన్లో వినిపించాను. చక్కగా వచ్చింది. అక్క కాసేపు విని, "ఇదెవరి పాటరా? నా పెండ్లిది గిట్ల లేకుండె. అదే వాయించు. ఆనాడు నవ్వాపుకోలేక సచ్చిన" అంది.

టిక్కు మళ్లీ పెట్టాను. తీగలు తిరగేసి పాట వచ్చేసిందనుకున్న అప్పటి ఆ కుర్రాడి ధీమా మాత్రం ఏ సెట్టింగులోనూ దొరకలేదు.