పట్టిందా?

గుడివాడ ఆసుపత్రిలో హెడ్ నర్సు గంగాదేవి గారికి ఒకటే పిచ్చి. టీకా వేసిన మర్నాడు కనబడిన స్టాఫందరి నుదుటి మీదా చెయ్యేసి, "పట్టిందా?" అనేవారు. జ్వరమొస్తే టీకా పట్టినట్టు, రాకపోతే దండగైనట్టు!

పుట్టిల్లు పెడన, కలంకారీ అద్దకం ఇల్లు. పాలలో, కరక్కాయ నీళ్లలో నానితేనే గుడ్డకి రంగు పడుతుందని, కోవిడ్ టీకాకి ముందు అందరిచేతా తలో గ్లాసు పాలు తాగించారు.

"కరక్కాయ వదిలేశారేంటండీ?" అన్నారు డాక్టర్ రవికుమార్.

"మీరు ఊఁ అంటే అదీ కలిపేస్తానండీ!"

ఆయా లక్ష్మీదుర్గకి రెండు డోసులకీ ఒళ్లు వెచ్చబడనైనా లేదు. "నూనె తగిలిన గుడ్డవే నువ్వు, రంగే పట్టదు!" అని గంగాదేవి గారు తెగ బెంగపెట్టుకున్నారు. కోవిడ్ వార్డు ఊడ్చే మనిషేమో, దుర్గకీ భయం పట్టుకుంది.

ఇంతలో డాక్టరు గారు అందరి రక్తం తీసి యాంటీబాడీల పరీక్ష చేయించారు. జ్వరంతో మంచమెక్కిన కాంపౌండర్ అంకమ్మరావుకి మామూలుగానే ఉన్నాయి. అందరికంటే ఎక్కువున్నది దుర్గకి!

"జ్వరం రాకపోయినా టీకా పనిచేస్తుందండీ," అని డాక్టరు గారు తేల్చేశారు. గంగాదేవి గారు దుర్గని వాటేసుకుని, "నా తల్లే! పక్కా రంగే నీది!" అన్నారు. ఇక నుదుళ్ల జోలికి రారని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

బూస్టర్ వేసిన మర్నాడు దుర్గ కళ్లు తుడుచుకుంటూ డ్యూటీకొచ్చింది. అవనిగడ్డలో మనవరాలి బారసాల ఆ రోజే. కాంట్రాక్టు ఆయాలకి సెలవుల్లేవన్నాడు మేనేజరు. టీకా జ్వరమైతేనే ఇంటికి పంపుతాడట.

గంగాదేవి గారు మేనేజరు ఎదుటే దుర్గ నుదుటి మీద చెయ్యేశారు. "అమ్మో! పెనంలా కాలిపోతోంది!"

"నాకేం లేదండీ, చల్లగానే..."

"చూశారా, పలవరింత కూడా మొదలైంది!" అని, దుర్గ చెవిలో, "నోర్మూసుకుని బస్సెక్కు. నీ వార్డు నేను చూసుకుంటాను," అన్నారు.

కిందటిసారి ఈవిడ "పట్టింది" అని ఇంటికి తోలిన ఆయాలందరికీ ఇంట్లో ఏదో ఒక అవసరం ఉండటం దుర్గకి అప్పుడు గుర్తొచ్చింది.

మధ్యాహ్నం అవనిగడ్డలో దుర్గ ఫోను మోగింది.

"పట్టిందా?"

"జ్వరమే లేదు గదండీ, సిస్టర్ గారూ!"

"జ్వరం కాదే! పిల్ల నీ వేలు పట్టిందా?"

దుర్గ ఉయ్యాలలోకి చూసుకుంది. చూపుడువేలు బుల్లి గుప్పిట్లో ఇరుక్కుపోయి ఉంది.

"పట్టిందండీ! వదలట్లేదు!"